స్టాకు రిజిస్టరులో గవర్రాజు

కాకినాడలోని శాశ్వత సమాచార సంరక్షణ కేంద్రంలో కంప్యూటరు ఆపరేటరుగా జుట్టు నెరిపించుకున్న తోలేటి గవర్రాజు, రిటైరవడానికి కొద్ది నెలలు ఉన్నాయనగా తాను మనిషి కాదని తెలుసుకున్నాడు. ఆ సంగతి చెప్పినవాడు స్టోర్సు సూపరింటెండెంటు నీలాద్రి. చెప్పడం మాత్రం చాలా మర్యాదగా, కాఫీ తాగించి మరీ చెప్పాడు.

"మీరేం అనుకోకండి గవర్రాజుగారూ. నిన్నట్నించి మీరు ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్లో లేరండి. మా సెక్షన్లోకి వచ్చేశారు."

"బదిలీ చేశారాండీ?"

"బదిలీ మనుషులకండి. మీరు స్టాకులోకి వచ్చారు."

ఇది వేళాకోళం కాదు. ఆ కేంద్రంలో వేళాకోళానికి కూడా ముందస్తు అనుమతి ఉండాలి.

పూర్వం ప్రభుత్వానికి ఉన్నట్టుండి కంప్యూటర్ల మీద ప్రేమ పుట్టింది. జిల్లాలోని కాగితాల్లో ఉన్నదంతా ఫ్లాపీల్లోకి ఎక్కించి, ఇక కాగితం అక్కర్లేదని తూకానికి అమ్మేశారు. ఆ ఏడాది ఊళ్లో ఏ పకోడీ పొట్లం విప్పినా ఎవరిదో ఒకరి పొలం సరిహద్దులు కనిపించేవి. ఫ్లాపీలను ఏసీ గదిలో పెట్టి, దానికి ఇనప తలుపు బిగించి, శాశ్వతం అని బోర్డు రాయించారు. బోర్డు ఆరేలోపే ఫ్లాపీలు పాతబడ్డాయి.

వాటిని సీడీల్లోకి మార్చుదామని ఫైలు పెట్టారు. ఆ ఫైలు పైకి వెళ్లి ఆమోదం పొంది కిందికి దిగేసరికి సీడీలు చదివే కంప్యూటర్లు దొరకడం మానేశాయి. పెన్‌డ్రైవులన్నారు. వాటితో రోగాలు వస్తాయని కంప్యూటర్లకు అవి గుచ్చే కన్నాలన్నీ లక్కతో మూయించారు. తర్వాత క్లౌడ్ అన్నారు. అది ఏ వీధిలో ఉందో, ఇంటి నంబరెంతో తెలపాలని ఆడిట్ వాళ్లు అడిగితే జవాబు రాయగలిగినవాడు లేకపోయాడు. అనుమతి లేకుండా కాపీ తీయడం నేరం. అనుమతి వచ్చేలోగా ఎందులోకి తీయాలో అది చచ్చిపోతుంది. అలా ఫ్లాపీలు ఫ్లాపీలుగానే ఉండిపోయాయి.

వాటిని చదివే యంత్రం ఒక్కటే మిగిలింది. అదీ ముసలిదై, ఫ్లాపీ పెట్టాక ఎడమ బుగ్గ మీద బొటనవేలితో ఒక తీరుగా నొక్కి పట్టుకుంటే తప్ప చదవదు. ఆ తీరు గవర్రాజుకి అలవాటు. మిగతావాళ్లు మొదట బద్ధకించి నేర్చుకోలేదు. గవర్రాజుకి జరిగింది చూశాక భయపడి నేర్చుకోలేదు.

గవర్రాజుకి జరిగిందేమిటంటే, ఆడిట్ వారు వచ్చి యంత్రాన్ని పరిశీలించి ఇలా రాశారు: "సదరు యంత్రము శ్రీ గవర్రాజు లేనిదే పనిచేయకపోవుట గమనించడమైనది. కావున శ్రీ గవర్రాజు యంత్రములో అంతర్భాగమై యుండగా ఇంతకాలము స్టాకు రిజిస్టరులో నమోదు చేయకపోవుటకు కారణములు తెలుపవలెను." కారణాలు వెతికితే దొరకలేదు. దాంతో నమోదు చేశారు. ఫ్లాపీ యంత్రం, ఒకటి. దాని కింద గవర్రాజు, ఒకటి, వాడినది. బొటనవేలు మట్టుకు రాస్తే సరిపోతుందని నీలాద్రి అన్నాడుగానీ, మిగతా భాగం ఏమైందని మళ్లీ అడుగుతారని డైరెక్టరు విశ్వంభరరావు ఒప్పుకోలేదు.

గవర్రాజు డైరెక్టరు గదికి వెళ్లి నిలబడ్డాడు.

"నా రిటైర్మెంటు సంగతేంటండీ?"

"చూడండి" అన్నాడు విశ్వంభరరావు. ఆయన దేన్నయినా శంకుస్థాపన సభలో మాట్లాడినట్టే మాట్లాడతాడు. "వయోపరిమితి అనేది ఉద్యోగికి వర్తిస్తుంది. పరికరానికి వర్తించేది ఆయుర్దాయం. సంస్థాగత దృక్కోణంలో దీన్ని మీరు ఉన్నతిగా స్వీకరించాలి. ఉద్యోగులు వస్తారు, వెళతారు. మీరు ఆస్తి."

"నాకు ఇంటికెళ్లాలనుందండీ."

"పరికరానికి అభిప్రాయం ఉండే వెసులుబాటు నిబంధనల్లో లేదు."

గవర్రాజుకి పెద్ద కోరికలేం లేవు. పెళ్లైన నాటినుంచి ఆయన మధ్యాహ్నం ఆఫీసులో క్యారేజీ విప్పుకుని చల్లారిన అన్నం తింటున్నాడు. ఆ వేళకే ఇంట్లో భార్య సత్యవేణి ఒక్కతే కూర్చుని తింటోంది. రిటైరయ్యాక ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని వేడివేడిగా తినాలని మొగుడూపెళ్లాలు ఎప్పుడో అనుకున్నారు. ఆ కాస్త ముచ్చటా తీరే వేళకి ఆయన సామానైపోయాడు.

స్టాకు సామానుకి నంబరు ఉండాలి. తెల్లరంగు డబ్బా పట్టుకుని పెయింటరు వచ్చి, ఎక్కడ రాయమంటారని ముంజేయి చూశాడు. గవర్రాజు బతిమాలుకుంటే చొక్కా జేబు మీద స్టిక్కరు అంటించడంతో సరిపెట్టారు. సాయంత్రం గేటు దగ్గర వాచ్‌మన్ ఏసుపాదం చెయ్యి అడ్డం పెట్టాడు.

"గేట్ పాసుండాలండి. పైగా సరుకు సొంతంగా నడిచెళ్లకూడదండి. ఎవరో ఒకరొచ్చి సంతకం పెట్టి పట్టుకెళ్లాలండి, ఆయ్."

ఏసుపాదం చెడ్డవాడు కాదు. రూలు తప్పితే కడుపు నిండా అన్నం తినలేడు, అంతే. గవర్రాజు గేటు లోపలే స్టూలు మీద కూర్చుంటే, కబురందుకుని సత్యవేణి ఆటోలో వచ్చింది. పాసు పుస్తకం చేతికిచ్చారు. వస్తువు పేరు గవర్రాజు, స్థితి బాగున్నది అని ఉంది.

"బాగున్నదని ఎవరు రాశారు? పొద్దుట్నించీ దగ్గుతున్నారీయన" అంది ఆవిడ.

"అయితే దగ్గు సహితంగా బాగున్నది అని రాసుకోండమ్మా" అన్నాడు ఏసుపాదం. "ఇదిగో, ఇక్కడ రిటర్నబుల్, నాన్ రిటర్నబుల్ అని రెండున్నాయి గదండీ. అనవసరమైంది కొట్టేయాలి. రిపేరుకెళ్లి తిరిగొచ్చే ఫ్యాన్లలాంటివి రిటర్నబులండి. పాత సామాన్లోడికి అమ్మేసినవి నాన్ రిటర్నబులు. అలా రాసి గేటు దాటించామంటే మళ్లీ లోపలికి రానివ్వనండి. పోయినేడు డైరెక్టరుగారి కుర్చీ పొరపాటున అలా బయటికెళ్లిపోయింది. ఆయనే వచ్చి అడిగారు. రానివ్వలేదు. టెండరు పిలిచి కొత్తది కొనేదాకా స్టూలు మీదే కూర్చున్నారండి పాపం."

సత్యవేణి నాన్ రిటర్నబుల్ అనేదాన్ని కొట్టేసి, సంతకం పెట్టి, భర్తను తీసుకెళ్లింది. పొద్దున్నే తెచ్చి అప్పగించి రసీదు తీసుకుంది. రోజూ ఇదే తంతు కావడంతో నీలాద్రి విసిగిపోయి, పాసు పుస్తకం మొత్తానికీ ఒకేసారి ఖాళీ పేజీల మీద సంతకాలు పెట్టి, ముద్రలు వేసేసి, "అమ్మా, రోజూ ఉండేదే కదండీ, మీరే రాసేసుకోండి" అని పుస్తకం ఆవిడకే ఇచ్చేశాడు.

దసరాకి ఆయుధపూజ వచ్చింది. కంప్యూటర్లకీ, జీపుకీ, ఫ్లాపీ యంత్రానికీ పసుపు రాసి బొట్లు పెట్టారు. యంత్రం పక్కన గవర్రాజుని నిలబెట్టి, నుదుట బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, ఆయన ముందు గుమ్మడికాయ పగలగొట్టారు. పురోహితుడు ఆయన చేతిలో కూడా ప్రసాదం పెట్టబోతే, యంత్రాల మీద తడి పడకూడదని నీలాద్రి ఆపాడు. నిర్వహణ కాంట్రాక్టు తీసుకున్న కంపెనీ మనిషి నెలకోసారి వచ్చి, దుమ్ము ఊదే గొట్టంతో ఆయన రెండు చెవుల్లోనూ ఊది, సర్వీసింగు సంతృప్తికరం అని రాయించుకుని వెళ్లేవాడు.

ఆ రోజుల్లోనే వరండా బెంచీ మీద నూకరత్నం కనిపించడం మొదలైంది. సముద్రం ఒడ్డున చేపలమ్ముకునే మనిషి. తుఫాను తర్వాత సర్కారు కట్టించిన కాలనీలో వాళ్లమ్మకి ఒక ఇల్లొచ్చింది. ఆ ఇంటిని ఏడాదికింత కొరుక్కుంటూ వచ్చి సముద్రం మొత్తానికి మింగేసింది. ఇళ్లు పోయినవాళ్లకి వేరేచోట జాగాలిస్తున్నారు. పాత జాబితాలో పేరున్నట్టు నకలు తెచ్చినవాళ్లకే. పాత జాబితా ఫ్లాపీలో ఉంది. నెలాఖరు దాటితే ఆ జాగాలు వేరేవాళ్లకి పోతాయి.

"బాబూ, తవరు నొక్కితే మాయమ్మ పేరు కనపడతాదంట గదా" అంది ఆవిడ ఒకరోజు గవర్రాజుని పట్టుకుని.

"కనపడుద్దమ్మా. కానీ నన్ను వాడుకోవాలంటే పైనుంచి ఆర్డరుండాలి. నా అంతట నేను పనిచేయకూడదు."

"మనిషేగదయ్యా నువ్వు?"

గవర్రాజు జేబు మీది నంబరు చూసుకున్నాడు. ఆ మాట ఆయనకి చాలా రోజులు చెవుల్లో మెదిలింది. చెవుల్లో ఎంత గాలి ఊదినా పోలేదు.

చివరికి నీలాద్రే జాలిపడి దారి చెప్పాడు. పరికరం రిటైరు కాదుగానీ, కండెమ్ అవుతుంది. దానికొక కమిటీ ఉంటుంది. ఆ కమిటీ ముందు పరికరం పనిచేయకపోతే, పనికిరాదని రాసి వదిలించుకుంటారు.

"మీరు పెద్దగా చేయాల్సిందేం లేదండి. వేలు కొంచెం సడలించండి చాలు. కండెమ్డ్ అని రాసేసి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి పంపించేస్తాం."

గవర్రాజు అర్జీ పెట్టాడు. ఆయన అర్జీ పెట్టకూడదని, యంత్రం తరఫున స్టోర్సే పెట్టాలని తిప్పి పంపితే నీలాద్రి పెట్టాడు. కమిటీ రోజు నిర్ణయమైంది. ఆ పొద్దున సత్యవేణి పనసపొట్టు తెప్పించి, "మీరొచ్చేదాకా అన్నం వార్చను, వచ్చాకే వేడిగా వడ్డిస్తా" అని చెప్పి మరీ గేటు దగ్గర అప్పగించి వెళ్లింది.

కమిటీ అంటే డైరెక్టరూ, నీలాద్రీ, పై ఆఫీసు నుంచి వచ్చిన ఒక సభ్యుడూ. పరీక్షకి ఏదో ఒక ఫ్లాపీ పెట్టాలి. అయితే ఎవరికీ అవసరం లేని ఫ్లాపీని చదివించడం దుర్వినియోగం కిందికి వస్తుందని సభ్యుడు అభ్యంతరం చెప్పాడు. ఎవరిదైనా దరఖాస్తు పెండింగులో ఉందా అని వెతికితే కట్టలో అన్నిటికన్నా పైనే నూకరత్నం దరఖాస్తు ఉంది. ఆ ఫ్లాపీ తెప్పించారు.

"ఒకవేళ చదవబడనిచో?" అన్నాడు సభ్యుడు.

"పరికరంతోబాటు ఆ ఫ్లాపీ కూడా పనికిరానిదిగా ప్రకటింపబడుతుంది. దరఖాస్తును తదనుగుణంగా ముగిస్తాము" అన్నాడు విశ్వంభరరావు.

గవర్రాజు ఆ మాట విన్నాడు. ఇనప తలుపు ఓరగా తెరిచి ఉంది. సందులోంచి నూకరత్నం చూస్తోంది.

"పరికరాన్ని ప్రారంభించండి" అన్నాడు డైరెక్టరు, గవర్రాజుతో కాదు, నీలాద్రితో.

గవర్రాజు ఫ్లాపీ పెట్టి, యంత్రం బుగ్గ మీద వేలు ఆనించాడు. ఆనించాడంతే, నొక్కలేదు. యంత్రం గరగరమని మూలిగి, చదవలేనని తెర మీద రాసింది. నీలాద్రి మొహం వెలిగిపోయింది. కండెమ్డ్ అని రాయడానికి కలం మూత తీశాడు. గవర్రాజుకి పనసపొట్టు కూరలో పెట్టిన ఆవ వాసన ముక్కుకి తగిలినట్టే అనిపించింది.

"పోయిందాండీ?" అంది తలుపు సందులోంచి నూకరత్నం. ఏడవలేదు, అరవలేదు. ఇల్లు సముద్రంలోకి పోయినప్పుడు కూడా ఆ మనిషి అలాగే అడిగి ఉంటుంది.

గవర్రాజు వేలు నొక్కాడు.

యంత్రం ఒక్కసారి దగ్గి, గలగలా చదవడం మొదలుపెట్టింది. తెర మీద పేర్లు బిలబిలా వచ్చాయి. కింద నుంచి కొద్ది వరసల పైన, మేరుగు గంగమ్మ, ఇల్లు ఒకటి, అని ఉంది. "మాయమ్మే! మాయమ్మే అది!" అని నూకరత్నం లోపలికి వచ్చేసింది. చెప్పులతో ఏసీ గదిలోకి వచ్చినందుకు ఆవిడ మీద మెమో రాయడానికి వీల్లేదని తేలాక, నకలు రాయించి ముగ్గురూ సంతకాలు చేసి ఇచ్చారు. ఆవిడ ఆ కాగితాన్ని కళ్లకద్దుకుని, గవర్రాజు వేలిని కూడా కళ్లకద్దుకుంది. గవర్రాజుకి అంత సంతోషం ఉద్యోగం దొరికిన రోజున కూడా కలగలేదు.

కమిటీ నివేదిక అప్పటికప్పుడే తయారైంది. "పరికరము అత్యుత్తమ స్థితిలో ఉన్నది. ఆయుర్దాయము మరి పదేండ్లు పొడిగించడమైనది." విశ్వంభరరావు అక్కడితో ఆగలేదు. ఇంత విలువైన ఆస్తికి ఏదైనా అయితే దిక్కెవరని ఆలోచించి, గవర్రాజుకి తెలిసిన నొక్కే పద్ధతినంతా భద్రపరచమని ఆదేశించాడు. ఎందులో భద్రపరచాలి? చదివే పరికరం పనిచేస్తోందని కమిటీ ధ్రువీకరించిన మాధ్యమంలోనే భద్రపరచాలి. ఆఫీసు మొత్తంలో అలాంటిది ఫ్లాపీ ఒక్కటే. కాబట్టి ఫ్లాపీని ఎలా చదవాలో ఫ్లాపీలోకి ఎక్కించి, దాన్ని ఇనప తలుపు వెనక పెట్టి తాళం వేశారు.

సాయంత్రం సత్యవేణి గేటు దగ్గరికి వచ్చింది. ఆవిడ మధ్యాహ్నం తినలేదని మొహం చూస్తే తెలుస్తోంది. గవర్రాజు తల వంచుకుని జరిగిందంతా చెప్పాడు.

"నొక్కేశానే. ఆవిడ అలా అడిగేసరికి ఉండబట్టలేకపోయాను. ఇంకో పదేళ్లు."

సత్యవేణి, "నొక్కకుండా వచ్చుంటే మీకు ముద్ద దిగేదా? మంచి పనే చేశారు" అంది.

సంచీలోంచి పాసు పుస్తకం తీసింది. వస్తువు పేరు రాసింది. స్థితి బాగున్నది అని రాసింది. రోజూ కొట్టేసేది వదిలేసి, రోజూ వదిలేసేది నిదానంగా, రెండు గీతలు పెట్టి కొట్టేసింది. సంతకం చేసి ఏసుపాదానికిచ్చింది.

ఏసుపాదం చదివాడు. ఆవిడ వంక చూశాడు. మళ్లీ చదివాడు. నీలాద్రి సంతకం ఉంది. ముద్ర ఉంది. పుచ్చుకున్నవారి సంతకం ఉంది.

"రూలు ప్రకారమే ఉందండి, ఆయ్" అని స్టాంపు గుద్ది గేటు తీశాడు.

మర్నాడు పని వేళ దాటినా యంత్రం అంతర్భాగం రాలేదని కలకలం రేగింది. జీపు పంపి గవర్రాజుని తెప్పించారు. ఏసుపాదం గేటు వేసేశాడు. డైరెక్టరు స్వయంగా వచ్చాడు.

"ఆయన మన ఆస్తి! లోపలికి వదులు."

"నిన్న సాయంత్రం దాకానండి. మీరే నాన్ రిటర్నబులని పంపించేశారండి. కుర్చీ విషయంలో కూడా తవరికి మనవి చేశాను."

"ఇది పొరపాటున రాసింది కదా?" అని విశ్వంభరరావు నీలాద్రి వైపు తిరిగాడు. పొరపాటంటే, ఖాళీ కాగితాల మీద సంతకం పెట్టినట్టు నీలాద్రి ఒప్పుకోవాలి. "లేదండీ, అన్నీ పరిశీలించే సంతకం చేశానండీ" అన్నాడు నీలాద్రి గట్టిగా.

"పోనీ, సందర్శకుడిగా రానివ్వు."

"రావచ్చండి. సందర్శకులు యంత్రాలు ముట్టుకోకూడదని బోర్డుంది గదండీ."

స్టాకు రిజిస్టరులో గవర్రాజు పేరు కొట్టేశారు. సరుకు కాకపోతే మనిషే అయుండాలి కాబట్టి, ఎస్టాబ్లిష్‌మెంటు వాళ్లు ఆయన్ని మళ్లీ మనిషిగా ఒప్పుకుని పెన్షను కాగితాలు కదిపారు. కేంద్రం వాళ్లు ఫ్లాపీ యంత్రం అంతర్భాగం కావాలని టెండరు పిలిచారు. సరికొత్తదై ఉండాలి, తయారీదారు గ్యారంటీ ఉండాలి, వాడినవి స్వీకరించబడవు. ఎవరూ వేయలేదు. అంతర్భాగం లేని యంత్రం అసంపూర్ణమని ఆడిట్ వారు రాశారు. యంత్రం లేని ఫ్లాపీలు ఉత్త ప్లాస్టిక్కని మరో పేరాలో రాశారు. రెంటినీ కలిపి తూకానికి అమ్మేశారు. పాత సామాన్లవాడి దగ్గర నూకరత్నం, వాళ్ల పేటవాళ్లూ తలా కొంచెం వేసుకుని కొని, చేపల ఆటోలో గవర్రాజు ఇంటికి చేర్చారు.

ఇప్పుడు ఎవరికి ఏ పాత కాగితం కావాలన్నా కేంద్రానికి వెళితే, ఏసుపాదం గేటు దగ్గరే ఆపి గవర్రాజు ఇంటికి దారి చెబుతాడు. గవర్రాజు వరండాలో కూర్చుని నొక్కుతాడు. వచ్చినవాళ్లు రాసుకుని, ఆ కాగితాన్ని విశ్వంభరరావు దగ్గరికి తీసుకెళితే, ఆయన "అభ్యంతరము తెలుపుటకు కార్యాలయమునందు ఎట్టి ఆధారమూ లేనందున ధ్రువీకరించడమైనది" అని సంతకం పెడతాడు. ఇనప తలుపు వెనక ఖాళీ గదిలో ఏసీ పగలూ రాత్రీ నడుస్తూనే ఉంది. ఏడాది మొత్తంలో ఒక్క అక్షరం కూడా నష్టపోలేదని ఆ కేంద్రానికి ఉత్తమ సంరక్షణ బహుమతి కూడా వచ్చింది.

బహుమతి సభకి గవర్రాజుని పిలిచారు. సభ మధ్యాహ్నం పూట పెట్టారు. పిలవడానికి వచ్చిన నీలాద్రి వరండాలో నిలబడి ఉండగానే లోపల్నుంచి సత్యవేణి కేక వేసింది.

"ఏవండీ, అన్నం వార్చేశాను. వేలు కడుక్కుని రండి, చల్లారిపోద్ది."

గవర్రాజు నీలాద్రికి నమస్కారం పెట్టి లోపలికి వెళ్లిపోయాడు.